ఏసీ గార్డ్స్ మీదుగా హార్లెం

ప్రశ్న: అన్నా, వరంగల్‌లో ఎంఏ ఇంగ్లిష్ చేశాను. న్యూయార్క్‌లో ఆఫ్రికానా స్టడీస్ మాస్టర్స్‌కి సీటొచ్చింది, ఫండింగ్ లేదు. నల్లవాళ్ల చరిత్ర నీకెందుకని ఇంట్లో నవ్వుతున్నారు. చేరనా?

జవాబు: నవ్వేవాళ్ల సంగతి తర్వాత చెల్లీ. ఫండింగ్ లేదన్నావు, నా గుండె అక్కడ ఆగింది.

నేనూ అలాగే దూకాను, 18 లక్షల అప్పుతో. మొదటి నెలే పుస్తకాలకి 400 డాలర్లు తగలేశాను. న్యూయార్క్‌లోనే నల్లవాళ్ల పేట హార్లెం ఉంది, అక్కడ 135వ వీధికి వెళ్తే షాంబర్గ్ సెంటర్ అనే లైబ్రరీలో పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చని తెలియదు. ప్యూర్టో రికోలో పుట్టిన ఆర్టురో షాంబర్గ్ పోగేసిన పుస్తకాలు, చేతిరాతలు 1926లో 10 వేల డాలర్లకు న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ చేతికొచ్చాయి. అంత నిధి అంత చవగ్గా!

రెండో తప్పు క్లాసులో. "మీ హైదరాబాద్‌లో ఆఫ్రికావాళ్లు ఉండేవారు కదా?" అని ప్రొఫెసరమ్మ అడిగితే, "లేరండీ" అన్నాను ధీమాగా. మూడేళ్లు ఏసీ గార్డ్స్ మీదుగా బస్సులో కాలేజీకెళ్లినవాణ్ని! ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ అనీ, నిజాం గుర్రపు దళంలో పనిచేసిన సిద్దీల వల్ల, అంటే ఆఫ్రికా మూలాలున్నవాళ్ల వల్ల, ఆ బస్తీకి ఆ పేరొచ్చిందనీ ఆవిడే చెప్పింది. దక్కన్‌లో అహ్మద్‌నగర్ సుల్తానుల రాజ్యంలో చక్రం తిప్పిన మాలిక్ అంబర్ కూడా ఇథియోపియాలో పుట్టి బానిసగా అమ్ముడుపోయినవాడే. అట్లాంటిక్ దాటినవాళ్ల కథే కాదు, మన సముద్రం దాటొచ్చినవాళ్ల కథ కూడా ఈ చదువులో ఉందని అప్పుడు ఎక్కింది. టర్మ్ పేపర్ దానిమీదే రాశాను. దానికి 'A' గ్రేడ్ వచ్చింది, అది వేరే విషయం.

ఇంట్లోవాళ్లకి ఇది చెప్పు. 1964లో నల్లవాళ్లు కొట్లాడి పౌరహక్కుల చట్టం తెచ్చుకున్నారు. ఆ ఊపులోనే 1965లో వలస చట్టం మారి, దేశాలవారీ పాత కోటాలు పోయాయి. మనవాళ్లు ఇంతమంది ఇక్కడికి రాగలిగింది ఆ తర్వాతే. ఈ చదువూ ఎవరో దయతలచి పెట్టింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో 1968 నవంబరు నుంచి 1969 మార్చి దాకా విద్యార్థులు సమ్మె చేసి సాధించుకున్నారు.

సరే, డబ్బు. చదువయ్యాక ఇక్కడే ఉద్యోగం చేసుకునే అనుమతి, అంటే ఓపీటీ, మనకి ఏడాదే, కంప్యూటర్లవాళ్లకి మూడేళ్లు. వీసా రూల్స్ కాలేజీ ఇంటర్నేషనల్ ఆఫీసులో అడుగు. నాకు యూనివర్సిటీ లైబ్రరీలో ఉద్యోగం దొరికింది కాబట్టి గట్టెక్కాను. అందరికీ దొరకదు. ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇచ్చే పీహెచ్‌డీలున్నాయి, వాటికోసం ఏడాది ఆగినా నష్టం లేదు.

ముందు ఈ రాత్రే ఆ డిపార్ట్‌మెంట్‌కి మెయిల్ పెట్టు, అసిస్టెంట్‌షిప్, అంటే డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తూ డబ్బు పొందే అవకాశం, ఏమైనా ఉందా అని. నేను అడగడానికి మొహమాటపడి, ఆరేళ్లు నెలకి 34 వేలు వాయిదా కట్టాను.