దారి ఎక్కడికీ వెళ్ళదు

చిరంజీవికి,

నువ్వు పంపిన అనువాద కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం, రెండోసారి పెన్సిలు పట్టుకుని. "వాక్యాల్లో తప్పులేమీ లేవంటున్నారు, అయినా అనువాదం వాసన కొడుతోందంటున్నారు, ఎక్కడో నాకు అంతుపట్టడం లేదు" అని రాశావు. వాసన వచ్చే చోట్లన్నీ చూపించాలంటే ఈ ఉత్తరం చాలదు. ఒక్కటి పట్టుకుంటాను. మూడో పేరాలో నీ కథానాయకుడు "ఏటి వైపు వెళ్తున్న దారి" పక్కన నిలబడ్డాడు.

నా పెన్సిలు అక్కడ ఆగింది. వెళ్తున్నది ఎవరు? మనిషి నిలబడే ఉన్నాడు. దారి ఎప్పుడో పడింది, పడినచోటే ఉంది. మూలంలో "ద రోడ్ లీడింగ్ టు ద రివర్" అని ఉండి ఉంటుంది. "ఇంగ్" కనబడగానే నీ చేయి "తున్న" అని రాసేసింది. తప్పంతా నీది కాదు. "ఇంగ్" అంటే జరుగుతున్న పని అనే కదా మనకు బడిలో నేర్పేది! ముందు "ఈజ్" చేర్చి వాక్యం కట్టినప్పుడు అది నిజమే. నామవాచకం వెనక తోకలా తగిలించినప్పుడు మాత్రం ఆ "ఇంగ్"కు అంత పట్టింపు ఉండదు. అనుమానం ఉంటే "కంటైన్", "బిలాంగ్" క్రియలు చూడు. పెట్టెలో ఉత్తరాలున్నాయని చెప్పడానికి ఇంగ్లీషువాళ్ళు "ఈజ్ కంటైనింగ్" అనరు. అదే పెట్టె వెనక తోకగా "కంటైనింగ్ లెటర్స్" అని నిక్షేపంగా రాస్తారు. దారి సంగతీ అంతే.

ఈ పనికి తెలుగులో వేరే రూపం ఉంది. వెళ్ళే, వచ్చే, దిగే, కలిసే. మన వ్యాకరణం దీన్ని తద్ధర్మార్థకం అంటుంది. అది దాని ధర్మం, ఇవాళా అంతే, రేపూ అంతే అని. సముద్రంలో కలిసే నది, ఏటికి వెళ్ళే దారి. "వెళ్తున్న దారి" అనే మాట తెలుగులో లేకపోలేదు. "నేను వెళ్తున్న దారిలో" అంటాం కదా. అందుకే నీ వాక్యం చదివినవాడు దారి మీద ఎవరో నడుస్తున్నారనుకుని ఒక్క క్షణం మనిషి కోసం వెతుక్కుంటాడు. వాసనంటే అదే.

కదలనివాటిని కదిలించి చెప్పడం ఇంగ్లీషుకు మహా ఇష్టం. కంచె పొలం వెంట పరుగెడుతుంది, కొండలు సముద్రం దాకా దిగుతాయి, దారి మెలికలు తిరుగుతూ ఎక్కుతుంది. లెనర్డ్ టాల్మీ అనే భాషాశాస్త్రజ్ఞుడు దీన్ని కల్పిత చలనం అన్నాడు. "ఈ దారి ఎటు పోతుంది?" అని మనమూ అడుగుతాం, కాదనను. కానీ "దిగే మెట్లు" అన్నప్పుడు మన మనసులో దిగేవి మెట్లు కావు, మనుషులు. ఆ చిన్న తేడా చెవిలో ఉంచుకో.

ఇంకో చిక్కుంది. ఇది వ్యాకరణం కంటే కథకే ఎక్కువ సంబంధించింది. నాలుగో పేజీలో ఆ పెద్దావిడ ఇంట్లో కిటికీ దగ్గర కూర్చుని కొడుకు కోసం ఎదురుచూస్తోంది. ఆమె చూపు "ఇంటికి వెళ్ళే దారి" మీద ఉందని రాశావు. ఆమె ఇంట్లోనే ఉంది కదా, నాయనా! ఆమెకు అది ఇంటికి వచ్చే దారి. ఇంగ్లీషు "లీడింగ్" చూసేవాళ్ళు ఏ కొసన ఉన్నారో చెప్పదు. మనకు చెప్పక తప్పదు. వచ్చే, వెళ్ళే, ఎక్కే, దిగే, వీటిలో ఏది రాసినా కథ ఎవరి కళ్ళతో నడుస్తోందో తేలిపోతుంది. మూలంలో లేని భారం ఇది, అనువాదకుడి నెత్తిన పడుతుంది. నాకు మాత్రం ఇది వరంలా కనిపిస్తుంది. ఎదురుచూపు అనే మాట ఎక్కడా రాయకుండానే "వచ్చే" అన్న రెండక్షరాలు దాన్ని మోస్తాయి.

తర్వాత పాము. "బావి దగ్గరికి వెళ్తున్న పామును చూశాడు" అని రాశావు. ముందు వెనక చూస్తే బావి దగ్గరికి వెళ్తున్నది అతనే, చేతిలో చేద ఉంది. పాము దారికి అడ్డంగా పడుకుని ఉంది. మూలంలో "గోయింగ్ టు ద వెల్" అన్న ముక్క వాక్యం మొదట్లో ఉందో, చివర పాము పక్కన ఉందో, మధ్యలో కామా ఉందో లేదో నువ్వు చూసుకోలేదు. ఇంగ్లీషులో ఆ ముక్క ఒక్క రూపంతోనే ఇద్దరికీ పనిచేస్తుంది, చోటును బట్టి, కామాను బట్టి యజమాని మారతాడు. తెలుగులో రూపమే మారుతుంది. "వెళ్తూ పామును చూశాడు" అంటే వెళ్ళేవాడు అతను. "వెళ్తున్న పామును చూశాడు" అంటే వెళ్ళేది పాము. "వెళ్తూ" లాంటి శత్రర్థకం కర్తను పట్టుకుంటుంది, "వెళ్తున్న" లాంటి ధాతుజ విశేషణం తన తర్వాత వచ్చే నామవాచకాన్ని పట్టుకుంటుంది. ఇంత ఖచ్చితమైన పనిముట్టు చేతిలో పెట్టుకుని తికమక వాక్యం రాస్తే ఎలా?

అలాగని మన భాషలో గోతులు లేవనుకోకు. "ఏటి వైపు వెళ్తున్న రైతు ఎద్దు" అని రాసి చూడు. వెళ్తున్నది రైతా, ఎద్దా? "ఊరికి పంపిన మనిషి" ఒకరిని పంపినవాడా, తానే వెళ్ళినవాడా? "పంపిన" అన్న రూపానికి ఆ విచక్షణ లేదు. ఇక్కడ ఇంగ్లీషుదే పైచేయి. పంపేవాడికి "సెండింగ్", వెళ్ళేవాడికి "సెంట్".

ఈ "సెంట్" జాతి మాటలతోనే చిన్నప్పుడు నేను బోర్లాపడ్డాను. ఇంగ్లీషులో ఒక వ్యాసం రాస్తూ "ద గెస్ట్స్ అరైవ్డ్ లాస్ట్ నైట్ ఆర్ స్లీపింగ్" అన్నాను. రాత్రి వచ్చిన అతిథులు నిద్రపోతున్నారని నా ఉద్దేశం. "వచ్చిన"కు "అరైవ్డ్" సరిపోతుందనుకున్నాను. వ్యాసం చూసిన పెద్దమనిషి "అరైవ్డ్" చుట్టూ సున్నా చుట్టి, పక్కన "హూ" అని రాసి పంపాడు. నామవాచకం వెనక ఆ రూపం ఒంటరిగా నిలబడాలంటే పని ఆ నామవాచకానికి జరిగి ఉండాలి. ఉత్తరాన్ని ఎవరో పంపారు, బండిని ఎవరో తోలారు, కాబట్టి అక్కడ చెల్లుతుంది. అతిథులు తమంతట తామే వచ్చారు, కాబట్టి "హూ" కావాలి. "న్యూలీ అరైవ్డ్" అని నామవాచకానికి ముందు పెడితే మళ్ళీ ఒప్పే. అదొక వింత.

ఈ నియమం ఎంత లోతైనదో చెప్పే వాక్యం ఒకటుంది. 1970లో థామస్ బెవర్ చూపించాడు: "ద హార్స్ రేస్డ్ పాస్ట్ ద బార్న్ ఫెల్." ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళు కూడా చివరి మాట దగ్గర తూలిపడతారు. గుర్రం కొట్టం పక్కగా పరుగెత్తిందని చదువుకుంటూ పోతారు, వాక్యం అయిపోయిందనుకుంటారు, ఇంతలో "పడింది" అని మరో క్రియ ఎదురవుతుంది. వెనక్కి వెళ్ళి చూస్తే "రేస్డ్" అంటే పరుగెత్తింది కాదు, ఎవరో పరుగెత్తించినది. రెండింటికీ ఒకే రూపం కావడంతో వచ్చిన తంటా. "రేస్డ్" తీసి, ఎవరో స్వారీ చేసినది అనే ఒక్క అర్థమే ఇచ్చే "రిడెన్" పెట్టు, ఎవరూ పడరు. తెలుగులోకి తెచ్చి చూడు: "కొట్టం పక్కగా పరుగెత్తించిన గుర్రం పడిపోయింది." ఒక్క "ఇంచు" ప్రత్యయం గుర్రం మీద మనిషిని కూర్చోబెట్టింది. పైగా మన విశేషణం నామవాచకానికి ముందే వచ్చేస్తుంది, వాక్యం అయిపోయిందన్న భ్రమకు చోటే లేదు.

రెండు చిన్న సంగతులు. ఇంగ్లీషులో క్రియ లేనిచోట కూడా మనకు క్రియ కావలసి వస్తుంది. "ద లెటర్ ఫ్రం ద సిటీ" అంటే పట్నం నుంచి వచ్చిన ఉత్తరం. ఆ "వచ్చిన" నువ్వు చాలాచోట్ల వదిలేశావు, వాక్యాలు కుంటుతున్నాయి. రెండోది, ఏడో పేజీలో "ఇంటి బయటికి పరుగెడుతున్న కుర్రవాడు". ఎలా కదిలాడన్నది ఇంగ్లీషు క్రియలో పెట్టి, ఎటు కదిలాడన్నది చిన్న మాటకు వదిలేస్తుంది. మనం తిరగేస్తాం: ఇంట్లోంచి పరుగెత్తుకుంటూ వస్తున్న కుర్రవాడు. దొర్లుకుంటూ వచ్చిన రాయి. ఏట్లో కొట్టుకుపోతున్న దుంగ.

వాడు వస్తున్నాడా, వెళ్తున్నాడా అన్నది మాత్రం నేను నిర్ణయించలేను. ఆ సమయంలో వాడి తల్లి గుమ్మంలో ఉందా, వీధి చివర ఉందా? నీ అనువాదంలో తెలియడం లేదు. మూలం మరోసారి చూసుకో. ఈసారి పంపేటప్పుడు ఇంగ్లీషు ప్రతి కూడా జత చెయ్యి.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి