అక్వేరియం నత్త పిల్లలు ఎర్రగా పుడితే అది రోగమా?

గోధుమరంగు రామ్స్‌హార్న్ నత్తలకు కొన్ని ఎర్ర పిల్లలు పుట్టాయని నల్గొండ నుంచి అడిగారు. టెన్షన్ వద్దు, అది రోగం కాదు, ఒక రకం అల్బినిజమే. చాలా నత్తల రక్తంలో రాగి ఉండే హిమోసయనిన్ ఉంటుంది. ఈ జాతిలో మాత్రం మనలాగే హిమోగ్లోబిన్. ఒంట్లో నల్లరంగు మెలనిన్ లేకపోతే ఆ ఎరుపు నేరుగా బయటికి కనిపిస్తుంది. అల్బినో అంటే తెల్లగానే ఉండాలని లేదు మరి! ఆ జన్యువు రెండు వైపుల నుంచీ రావాలి, అందుకే అన్ని పిల్లలూ అలా పుట్టవు.

గుల్ల మీద తెల్లటి గుంటలు పడితే మాత్రం వేరే సంగతి. ఫ్లోరైడ్ భయంతో తొట్టిలోనూ ఆర్వో నీళ్లే పోసేవాళ్లు మన దగ్గర ఉన్నారు. వాటిలో కాల్షియం దాదాపు ఉండదు, గుల్ల అరిగిపోతుంది. కడిగి ఎండబెట్టిన గుడ్డు పెంకు పొడి కొంచెం వేయండి.