ఫ్రిజ్ పాడైంది సరే, మొదటి ఫిర్యాదు తేదీకి ఆధారం ఏది?

ప్రశ్న (ఉత్తరాన్ని కుదించాం): మా గృహప్రవేశానికి 2023 మే 12న మా తమ్ముడు హైదరాబాదులో రూ.34,500 పెట్టి డబుల్ డోర్ ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్ కొని కాకినాడలోని మా ఇంటికి పంపించాడు. బిల్లు వాడి పేరునే ఉంది. మూడు నెలలు తిరగకుండానే పైన ఫ్రీజర్లో మంచు గడ్డకట్టి, కింద అరలు వెచ్చబడటం మొదలైంది. ఆగస్టు 19న మొదటిసారి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఏడాది వారంటీలోనే నాలుగుసార్లు కంపెనీ మెకానిక్ వచ్చాడు. ఒకసారి వోల్టేజి అన్నాడు, ఇంకోసారి తలుపు సరిగా వేయడం లేదన్నాడు. ఒక రోజంతా ఆపి పెడితే వారం పది రోజులు బాగానే పనిచేస్తుంది, మళ్లీ అదే వరస. మా వారు ఒకసారి చాకుతో మంచు గీకారు. వారంటీ అయిపోయాక 2024 జూన్‌లో గ్యాస్ పోయిందని, రూ.7,800 కట్టమని అన్నారు. మామగారి ఇన్సులిన్ రెండుసార్లు పాడైంది. మా అమ్మాయి సీమంతానికి చేసి పెట్టుకున్న పదార్థాలు పారబోసి వియ్యాలవారి ముందు తలవంపులు పడ్డాం. నేను దోసె పిండి అమ్ముకుంటాను, ఆ బేరమూ పోయింది. మెకానిక్ ఇచ్చిన కాగితాలు దాచలేదు. తయారీ లోపమేనని పాత తేదీ వేసి రాసిస్తానని మా వీధి మెకానిక్ అంటున్నాడు. ఆషాఢం ఆఫర్లో పాత ఫ్రిజ్ ఇచ్చేస్తే రూ.5,000 తగ్గిస్తామని ఒక షాపు వారు చెబుతున్నారు. ఫ్రిజ్ ఇచ్చేసి, రూ.10 లక్షలకు కేసు వేయవచ్చా?
ఒక పాఠకురాలు, కాకినాడ (2025 జూలై 8)

జవాబు: మీ ఉత్తరంలో సగం సీమంతం నాటి అవమానం గురించే ఉంది. నేను మాత్రం రెండు చోట్ల ఆగాను. ఒకటి ఆగస్టు 19 అన్న తేదీ. రెండోది, ఒక రోజంతా ఆపి పెడితే వారం పది రోజులు బాగా పనిచేస్తుందని మీరు యథాలాపంగా రాసిన వాక్యం. మీ కేసు నిలిచేదీ పడేదీ ఈ రెండింటి మీదే.

ముందు తేదీ సంగతి చూద్దాం, ఎందుకంటే మీకు గడువు ఆరు వారాలకు మించి లేదు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 69 ప్రకారం వ్యాజ్య కారణం, అంటే కేసు వేయడానికి దారితీసిన సంఘటన, ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోగా ఫిర్యాదు దాఖలు చేయాలి. లోపం మొదట బయటపడి మీరు కంపెనీకి చెప్పిన రోజు 2023 ఆగస్టు 19 గనుక, మీ ఫిర్యాదు 2025 ఆగస్టు 18 నాటికి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు చేరి ఉండాలని పెట్టుకోండి. వారంటీలో ఆఖరిసారి మెకానిక్ వచ్చి వెళ్లిన రోజు నుంచో, డబ్బు కడితేనే బాగు చేస్తామన్న 2024 జూన్ నుంచో లెక్కించాలని వాదించడానికి అవకాశం ఉంది, అవసరమైతే మీ న్యాయవాది ఆ వాదన చేస్తారు కూడా. అయితే నేరుగా గడువులో వేయగలిగిన కేసును వాదన మీద ఆధారపడే స్థితికి తెచ్చుకోవడం అవివేకం. ఆలస్యాన్ని తగిన కారణం చూపితే క్షమించే అధికారం కమిషన్‌కు ఉన్నా, ఏడాదిగా టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్లు చేస్తూనే ఉన్నామనడం తగిన కారణమని నమ్ముకోవద్దు. ఎన్ని ఫోన్లు చేసినా, ఎన్ని ఉత్తరాలు రాసినా గడువు దానంతట అది పొడిగింపు కాదు. కాలపరిమితి దాటిందా లేదా అన్నది తేల్చుకున్నాకే కమిషన్ కేసులోని అసలు విషయాల జోలికి వెళ్లాలని, పాత చట్టంలోని ఇదే నిబంధన గురించి సుప్రీంకోర్టు 2009లోనే స్టేట్ బ్యాంక్ కేసులో స్పష్టం చేసింది. 1915 నంబరుకు ఫోన్ చేసి జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు పెట్టడం మంచిదే, కొన్ని కంపెనీలు అక్కడే దిగి వస్తాయి కూడా. కానీ అక్కడ ఫిర్యాదు పెట్టినంత మాత్రాన ఈ రెండేళ్ల గడియారం ఆగదు.

ఇక ఆ వాక్యం. నేను మెకానిక్‌ను కాను, అయినా ఇటువంటి ఫిర్యాదులు చేతికి వచ్చిన ప్రతిసారీ ఆ యంత్రం ఎలా నడుస్తుందో తెలుసుకోక తప్పలేదు. ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లో చల్లదనమంతా పైన ఫ్రీజర్ వెనక పలక చాటున ఉండే కాయిల్ దగ్గరే పుడుతుంది. ఆ చల్లగాలిని ఒక చిన్న ఫ్యాను కింది అరలకు తోస్తుంది. గాలిలోని తేమ కాయిల్ మీద మంచుగా పడుతుంటే, కొన్ని గంటలకొకసారి ఒక హీటరు వెలిగి దాన్ని కరిగిస్తుంది, ఆ నీరు గొట్టం గుండా వెనక పళ్లెంలోకి జారుతుంది. హీటరో, దాన్ని వెలిగించే సెన్సారో చెడితే మంచు కరగక కాయిల్‌ను మూసేస్తుంది. గాలి దారి మూసుకుపోయి, పైన గడ్డకట్టేంత చలి ఉన్నా కింద పాల ప్యాకెట్టు విరిగిపోతుంది. ఒక రోజు ఆపితే మంచంతా కరిగి గాలి మళ్లీ ఆడుతుంది, వారం పది రోజులకు మళ్లీ మూసుకుపోతుంది. మీరు రాసింది అక్షరాలా ఇదే. గ్యాస్ నిజంగా పోయిన ఫ్రిజ్ అయితే, ఒక రోజు విశ్రాంతి ఇచ్చినంత మాత్రాన వారం రోజులు బాగా పనిచేయదు. మంచు కరిగించే భాగంలోని లోపాన్ని వారంటీలో నాలుగుసార్లు చూసి కూడా సరిచేయకుండా, వారంటీ దాటాక గ్యాస్ పేరుతో రూ.7,800 అడిగారన్నది మీ కేసు. కంపెనీ తమ నిపుణుడి ప్రమాణపత్రం (అఫిడవిట్) దాఖలు చేసినప్పుడు రాతపూర్వక ప్రశ్నావళి ద్వారా అతణ్ని అడగవలసిన మొదటి ప్రశ్న, గ్యాస్ పోయిన ఫ్రిజ్ ఒక రోజు ఆపితే మళ్లీ ఎలా పనిచేసిందన్నదే.

దీన్ని నిరూపించేవి మెకానిక్ వచ్చినప్పుడల్లా ఇచ్చిన కాగితాలు, అంటే జాబ్ షీట్లే, వాటినే మీరు పారేసుకున్నారు. నాలుగుసార్లు మనిషి ఇంటికి వచ్చాడు, నాలుగుసార్లు సంతకం పెట్టించుకున్నాడు, ఒక్కసారి కూడా ఆ కాగితాన్ని బిల్లుతో కలిపి పిన్ను కొట్టి పెట్టాలని మీకు తోచలేదు. వంటల ఖర్చును పైసలతో సహా లెక్క వేసి రాసిన మీరు ఈ విషయంలో ఇంత అశ్రద్ధ చూపడం నాకు బాధ కలిగించింది. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. ఫిర్యాదు నమోదైన ప్రతిసారీ కంపెనీ నుంచి మీ ఫోనుకు ఫిర్యాదు నంబరుతో సందేశం వచ్చి ఉండాలి, మెకానిక్ పని ముగించి ఓటీపీ అడిగిన సందేశమూ ఉండవచ్చు. ఈ రోజే వెతికి, తేదీ, సమయం కనబడేలా స్క్రీన్‌షాట్లు తీయండి. వాటితో పాటు భారతీయ సాక్ష్య అధినియమం, 2023లోని సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇచ్చే ధ్రువపత్రం జతచేయడం మేలు. అదే రోజున కంపెనీ కస్టమర్ కేర్‌కు ఈమెయిల్, రిజిస్టర్డ్ పోస్టు రెండింటిలోనూ ఫ్రిజ్ సీరియల్ నంబరు ఇచ్చి, 2023 ఆగస్టు నుంచి జరిగిన సర్వీసు చరిత్ర మొత్తం పంపమని కోరండి. వారు ఇవ్వకపోతే, ఆ రికార్డు దాఖలు చేయించాలని కమిషన్‌లో దరఖాస్తు పెట్టుకోవచ్చు. తమ దగ్గరే ఉండే రికార్డును దాచినవారి మీద కమిషన్‌కు ప్రతికూల అభిప్రాయం కలగడం సహజం.

ఫ్రిజ్‌ను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ షాపు వారికి ఇవ్వవద్దు. మీ కేసులో అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఆ ఫ్రిజ్జే. పరీక్ష చేస్తే తప్ప లోపం తేలదనుకున్నప్పుడు వస్తువును తగిన ప్రయోగశాలకు పంపించే విధానం వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 38లో ఉంది, దానికయ్యే రుసుము మొదట ఫిర్యాదుదారే కట్టాలి. ఇంత పెద్ద వస్తువును మోసుకుపోవడం కష్టం గనుక, ప్రభుత్వ పాలిటెక్నిక్ లేదా ఐటీఐలో శీతలీకరణ విభాగం నిపుణుణ్ని ఇంటికే పంపించి నివేదిక తెప్పించమని కోరండి. ఆషాఢం ఆఫర్ కింద రూ.5,000కు ఆశపడి ఫ్రిజ్ అప్పగించేస్తే, పరీక్షించడానికి వస్తువే లేదు కాబట్టి లోపం రుజువు కాలేదని అవతలి పక్షం అంటుంది, దానికి మీ దగ్గర జవాబు ఉండదు. ఇల్లు గడవక కొత్తది కొనుక్కుంటే కొనుక్కోండి, పాతదాన్ని ఎవరూ విప్పకుండా ఒక మూల ఉంచండి.

పాత తేదీ వేసి రాసిస్తానన్న వీధి మెకానిక్ మాట విని నిజంగా భయం వేసింది. కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణ. అందులో దొంగ సాక్ష్యం సృష్టించడం, అది దొంగదని తెలిసి వాడటం భారతీయ న్యాయ సంహిత సెక్షన్లు 229, 233 కింద ఏడేళ్ల దాకా జైలు శిక్ష పడగల నేరం. ఆ మెకానిక్ ఫలానా రోజున మీ ఇంటికి రాలేదని ఒక్క ప్రశ్నతో తేలిపోతుంది, అప్పుడు మీ నిజమైన సందేశాలను కూడా ఎవరూ నమ్మరు. ఆయన ఈ రోజు చూస్తే, ఈ రోజు తేదీతో, తాను కళ్లారా చూసింది మాత్రమే రాయాలి. పలక విప్పడం గానీ, గ్యాస్ ఎక్కించడం గానీ చేయకూడదు.

మీ వారు చాకుతో మంచు గీకిన సంగతి రాయడం మంచిదైంది. కాయిల్‌కు చిల్లు పెట్టి గ్యాస్ పోగొట్టుకున్నది మీరేనని కంపెనీ అనడానికి అదొక్కటి చాలు. కాబట్టి ఫ్రిజ్ మొత్తం ఆపి, తలుపులు తెరిచి ఉంచి మంచంతా కరగనిచ్చాక, లోపలి పలక మీద గాటు గానీ చిల్లు గానీ లేకుంటే ఆ పలకను నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీయండి. మళ్లీ వేసి, ఫ్రీజర్లో ఒక థర్మామీటరు, కింది అరలో గ్లాసుడు నీళ్లలో మరొకటి పెట్టి పది రోజుల పాటు ఉదయం సాయంత్రం అంకెలు ఒక పుస్తకంలో రాయండి. మామూలుగా ఫ్రీజర్ మైనస్ 18 డిగ్రీల దగ్గర, కింది అర 4 డిగ్రీల దగ్గర ఉండాలి. కింది అంకె రోజురోజుకూ పెరుగుతూ పోయిన ఆ పుస్తకం పేజీ ఏ సర్టిఫికెట్టుకూ తీసిపోదు. తలుపు సందులో పది రూపాయల నోటు పెట్టి మూసి లాగండి. జారిపోకుండా పట్టుకుంటే రబ్బరు బాగున్నట్టే, అది కూడా వీడియో తీయండి. గోడకు ఫ్రిజ్‌కు మధ్య ఖాళీ, స్టెబిలైజరు కనబడే ఫోటో ఒకటి ఉంచండి. ఫ్రీజర్లో గాలి వచ్చే రంధ్రాలకు అడ్డంగా డబ్బాలు కుక్కే అలవాటుంటే ఇప్పుడే మానండి, ఆ కారణాన్ని కంపెనీ తప్పకుండా ఎత్తుతుంది.

బిల్లు తమ్ముడి పేరున ఉన్నా ఇబ్బంది లేదు, కొన్నవారి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారులేనని వినియోగదారుల రక్షణ చట్టం నిర్వచనంలోనే ఉంది. ఆయన ప్రమాణపత్రం ఒకటి జతచేయండి. హైదరాబాదు కోర్టుల పరిధి మాత్రమే అని బిల్లు వెనక రాసి ఉన్నా, ఫిర్యాదుదారు నివసించే చోట కేసు వేసే హక్కును సెక్షన్ 34 ఇచ్చింది గనుక కాకినాడలోనే వేయవచ్చు.

రూ.10 లక్షల మాట విడిచిపెట్టండి. వస్తువు ఖరీదు రూ.5 లక్షల లోపు కాబట్టి ఫిర్యాదుకు రుసుము లేదు, అంతమాత్రాన నోటికి వచ్చిన అంకె వేస్తే నిజమైన నష్టం కూడా అతిశయోక్తిలా వినబడుతుంది. ఫ్రిజ్ మార్చి ఇవ్వడం లేదా వడ్డీతో సొమ్ము వాపసు, డాక్టరు చీటీతో, మందుల షాపు బిల్లుతో చూపగల ఇన్సులిన్ ఖర్చు, మనోవేదనకు రూ.50,000 లోపు మొత్తం, కేసు ఖర్చులు, ఇంతవరకు అడగండి. దోసె పిండి నష్టం అడగవద్దని నా సలహా. స్వయం ఉపాధి కోసం వాడుకోవడం వాణిజ్య వినియోగం కాదని చట్టమే చెబుతున్నా, ఇంటి వాడకానికి మాత్రమేనన్న వారంటీ షరతును చూపి కంపెనీ ఆ చర్చలోనే ఏడాది గడిపేస్తుంది. అలాగని అడిగితే దాచవద్దు, ఇంటి ఫ్రిజ్‌లోనే కొంత పిండి ఉంచుకునేదాన్నని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మామగారి ఇన్సులిన్‌ను ఈ రోజు నుంచే పక్కింటివారి ఫ్రిజ్‌లో ఉంచండి, చెడిన ఫ్రిజ్ అని తెలిసీ మూడోసారి పెడితే ఆ నష్టం మీ ఖాతాలోకే వస్తుంది.

కంపెనీకీ, అమ్మిన షాపుకూ, సర్వీసు కేంద్రానికీ 15 రోజుల గడువుతో ఈ వారమే లాయరు నోటీసు పంపించండి. నోటీసు తప్పనిసరి కాదు, అందుకే జవాబు రాలేదని ఆగస్టు దాకా ఎదురుచూడవద్దు, జూలై ఆఖరుకు ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు తీసుకునే ఈ-జాగృతి పోర్టల్‌లో గానీ నేరుగా కమిషన్ కార్యాలయంలో గానీ దాఖలు చేయించండి. కమిషన్ పంపే నోటీసు అందాక ప్రతివాదులు 30 రోజుల్లో, మహా అయితే మరో 15 రోజుల్లో జవాబు వేయాలి. ఆ 45 రోజులు దాటితే కమిషన్ కూడా పొడిగించలేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ఒక శీతల గిడ్డంగికీ బీమా సంస్థకూ మధ్య నడిచిన వ్యాజ్యంలో తేల్చింది. పరీక్ష అవసరమైన ఫిర్యాదులను ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతుంది, ఆచరణలో ఇంకా ఎక్కువ పట్టవచ్చు. ఆషాఢంలో ఫోను కూడా మార్చే ఉద్దేశం ఉంటే, పాత ఫోనులోని ఆ సందేశాలన్నీ మీ న్యాయవాది చేతికి అందాకనే మార్చండి.