తగ్గించుకొను, ప్రేమించు, నమ్ముకొను: సువార్త మాటల్లో ‘కొను’ పని

సందేహం: యువజనుల బైబిలు పాఠం కోసం ఇలా రాశాను: “సువార్త మనకు వినయాన్ని, ప్రేమను, విశ్వాసాన్ని నేర్పుతుంది. కాబట్టి మనం దీనంగా జీవించాలి, దేవుని ముందు తగ్గించబడాలి, ఒకరినొకరు ప్రేమించుకోవాలి, యేసులో విశ్వసించాలి.” చదివిన పెద్దలు ‘దీనంగా’ బాగాలేదన్నారు. ఇంకొకరు ‘విశ్వాసం’ బదులు ‘నమ్మకం’ పెట్టమన్నారు. వినయం, దీనత్వం, తగ్గింపు ఒకటేనా? నమ్మకానికీ విశ్వాసానికీ తేడా ఏమిటి? ‘ప్రేమించాలి’ అనాలా, ‘ప్రేమించుకోవాలి’ అనాలా?

సమాధానం: మీరు అడిగినవి నామవాచకాల గురించి. చిక్కు మాత్రం ఎక్కువగా క్రియల్లో ఉంది. సువార్త ఈ మూడు గుణాలనూ పనులుగా చెబుతుంది. ఆ పని ఎవరు చేస్తున్నారు, ఎవరి మీద చేస్తున్నారు, దాని ఫలం ఎవరికి చేరుతుంది అనే సంగతులను తెలుగు క్రియ చాలా సూక్ష్మంగా పట్టుకోగలదు. ‘కొను’ అనే చిన్న అనుబంధం ఉండడం, లేకపోవడం దగ్గరే సగం అర్థం తేలిపోతుంది. అందుకని ముందు దాని సంగతి చూద్దాం.

‘వండాడు’ అంటే ఎవరికోసమైనా కావచ్చు. ‘వండుకున్నాడు’ అంటే తనకోసం. ‘కొను’ చేరితే క్రియ ఆత్మార్థకం అవుతుంది, అంటే పని చేసినవాడి మీదికే మళ్లుతుంది. సువార్తల్లో దీనికి చక్కని జంట ఉంది. యోహాను 13వ అధ్యాయంలో యేసు పళ్లెంలో నీళ్లు పోసి శిష్యుల పాదాలు కడిగాడు. మత్తయి 27:24లో పిలాతు జనసమూహం ఎదుట చేతులు ‘కడుగుకొని’ తాను నిరపరాధినన్నాడు. రెండుచోట్లా నీళ్లే, కడగడమే. ఒకచోట ‘కొను’ లేదు, మరొకచోట ఉంది. ఇద్దరి మనసూ ఆ తేడాలోనే కనబడుతుంది.

ఇక వినయం. మన వాడుకలో వినయానికి ఒక దిక్కుంది, అది కిందినుంచి పైకి. పెద్దల ఎదుట, గురువుల ఎదుట, అధికారుల ఎదుట వినయంగా ఉంటాం. ‘వినయ విధేయతలు’ అని జంటగా అనడమూ అందుకే. ‘విద్యా దదాతి వినయం’ అన్న మాట ప్రకారం అది చదువు వల్ల వచ్చే సంస్కారం కూడా. ‘గురువుగారు శిష్యులతో వినయంగా ఉన్నారు’ అంటే తెలుగు చెవికి కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. పాదాలు కడిగిన సన్నివేశంలో జరిగింది సరిగ్గా అదే: బోధకుడు శిష్యుల ముందు వంగాడు. కాబట్టి అక్కడ ‘వినయం’ ఒక్కటే సరిపోదు. పాత అనువాదమైన ‘పరిశుద్ధ గ్రంథము’ ఆ మాటను వదిలేయలేదు. ఫిలిప్పీ 2:3లో ‘వినయమైన మనస్సుగలవారై’ అని వాడుతూనే, ‘యొకనినొకడు తనకంటె యోగ్యుడని యెంచుచు’ అని పక్కనే చేర్చి దాని దిక్కు మార్చింది. పైకి మాత్రమే చూపే వినయం ఇప్పుడు పక్కకూ, కిందికీ చూపాల్సి వచ్చింది. మీరు వినయం అని రాసినప్పుడల్లా ఎవరి పట్ల అన్నది కూడా రాయండి. లేకపోతే పాఠకుడు పెద్దలకు నమస్కరించడం దగ్గరే ఆగిపోతాడు.

దీనత్వం వేరు. వాడుకలో ‘దీనం’ అంటే జాలి గొలిపే స్థితి. దీనంగా చూసింది, దీనావస్థలో ఉన్నారు అంటాం. అందువల్ల ‘దీనంగా జీవించాలి’ అంటే బీదగా, దిక్కులేకుండా బతకమని అర్థమవుతుంది. మీ పెద్దల అభ్యంతరం న్యాయమైనదే. అయితే ఆ మాటను అనువాదకులు తెలియక వాడలేదు. మూలంలోని గ్రీకు మాట ‘తపెయినోస్’ కూడా మొదట చిన్నచూపు మాటే. తక్కువవాడు, నేలకు అణగినవాడు అని అర్థం. లూకా 1:48లో మరియ ‘ఆయన తన దాసురాలి దీనస్థితిని కటాక్షించెను’ అన్నప్పుడు అది గుణం కాదు, ఆమె ఉన్న స్థితి. మత్తయి 11:29లో యేసు ‘నేను సాత్వికుడను దీనమనస్సు గలవాడను’ అన్నప్పుడు అదే మాట గుణమైంది. తెలుగులో సువార్తలు మొదట అచ్చయిన 1812 నుంచి ఇప్పటిదాకా ‘దీన’ శబ్దం క్రైస్తవ వాడుకలో ఇలాగే జాలిమాట నుంచి గౌరవపు మాటగా పైకి వచ్చింది. ఆ వాడుక వెలుపలివారికి మాత్రం ఇంకా పాత అర్థమే తగులుతుంది. అందుకు మందు ఆ అనువాదంలోనే ఉంది: ‘మనస్సు’ చేర్చండి. దీనమనస్సు అంటే స్థితి కాదు, ఎంచుకున్న వైఖరి అని వెంటనే తెలుస్తుంది. ‘దీనంగా ప్రార్థించాడు’ అంటే ఏడుపు గొంతు వినిపిస్తుంది, ‘దీనమనస్సుతో ప్రార్థించాడు’ అంటే వినిపించదు.

మూడోది తగ్గింపు. సంఘాల్లో ‘తగ్గింపు స్వభావం’, ‘తగ్గింపు జీవితం’ అనడం బాగా నలిగిన మాట. బయటి పాఠకుడికి ఆ నామవాచకం ధర తగ్గింపును గుర్తుచేస్తుంది కాబట్టి క్రియగా వాడితేనే శోభ. ఇక్కడే మీ వాక్యంలో పెద్ద పొరపాటు దొర్లింది: ‘దేవుని ముందు తగ్గించబడాలి’. లూకా 14:11 చూడండి: ‘తన్నుతాను హెచ్చించుకొను ప్రతివాడును తగ్గింపబడును, తన్నుతాను తగ్గించుకొనువాడు హెచ్చింపబడును’. తగ్గింపబడడం గర్వి పొందే ఫలితం. మీరు కోరుతున్నది తగ్గించుకోవడం. ‘బడు’, ‘కొను’ తారుమారైతే బోధ మొత్తం తలకిందులవుతుంది. ప్రసంగాల్లో ఈ తప్పు తరచుగా వినబడుతుంది. ‘బడు’ పెడితే భక్తిగా ఉంటుందని అనుకోవడం వల్ల ఇది జరుగుతుందేమో.

ఈ క్రియకు పూర్తి బలం ఫిలిప్పీ 2లో కనబడుతుంది. 7వ వచనంలో ‘తన్ను తానే రిక్తునిగా చేసికొనెను’, 8లో ‘తన్నుతాను తగ్గించుకొనెను’. రెండుచోట్లా ‘కొను’ ఉంది. ఎవరో ఆయనను తగ్గించలేదు. 9వ వచనంలో ‘దేవుడు ఆయనను అధికముగా హెచ్చించి’ అన్నప్పుడు ‘కొను’ మాయమైంది, ఎందుకంటే కర్త మారాడు. తగ్గడం తన పని, హెచ్చించడం తండ్రి పని. సువార్త చెప్పే అణకువ వ్యాకరణమంతా ఈ మూడు వచనాల్లో ఉంది. నాకు తెలిసినంతలో తెలుగు అనువాదం మూలాన్ని ఇంత చక్కగా పట్టుకున్న చోట్లు అరుదు.

ఒక హెచ్చరిక. ‘తగ్గించుకొను’ అన్నది ‘తక్కువ చేసుకొను’, ‘కించపరచుకొను’ అన్న వాటితో కలిసిపోకూడదు. నేనెందుకూ పనికిరానివాణ్ణి అని పదేపదే అనడం తనను తాను కించపరచుకోవడం. అప్పుడూ చూపు తన మీదే ఉంటుంది. రోమా 12:3 ‘తన్ను తాను ఎంచుకొనతగినదానికంటె ఎక్కువగా ఎంచుకొనక’ అని హద్దు గీసింది. ఎక్కువగా వద్దంది గాని, ఉన్నదానికంటె తక్కువగా ఎంచుకోమనలేదు, ‘తగినరీతిగా’ అంది. కొలస్సీ 2:18 ‘అతివినయాసక్తుడై’ అంటూ మోతాదు మించిన వినయాన్ని తప్పుపట్టింది కూడా. యువజనుల పాఠంలో ఈ తేడా చెప్పకపోతే, ఇప్పటికే కుంగిపోయి ఉన్న పిల్లవాడు తన కుంగుబాటునే భక్తి అనుకుంటాడు.

ప్రేమ దగ్గరికి వస్తే ‘కొను’ సంగతి తారుమారవుతుంది. ‘దేవుడు లోకమును ఎంతో ప్రేమించెను’ (యోహాను 3:16), ‘మీ శత్రువులను ప్రేమించుడి’ (మత్తయి 5:44), ‘నిన్నువలె నీ పొరుగువాని ప్రేమింపవలెను’ (మత్తయి 22:39). ఎక్కడా ‘కొను’ లేదు, పెట్టినా పొసగదు. పని ఎదుటివాడి వైపు వెళుతుంది, తిరిగి రావాలన్న షరతు లేదు. ‘ఒకరినొకరు’ ఉన్నప్పుడు మాత్రం ఈనాటి తెలుగు సహజంగా ‘ప్రేమించుకోవాలి’ అంటుంది. అది తప్పు కాదు, అక్కడ ‘కొను’ పరస్పరార్థంలో వచ్చింది. అయినా యోహాను 13:34ను గమనించండి: ‘నేను మిమ్మును ప్రేమించినట్టే మీరును ఒకరి నొకరు ప్రేమింపవలెను’. పాత అనువాదం అక్కడ కూడా ‘కొను’ చేర్చలేదు. ‘ప్రేమించుకోవాలి’ అంటే ఇచ్చిపుచ్చుకోవడం అన్న ధ్వని వస్తుంది. వాడు ప్రేమించకపోతే నేనెందుకు అనే వీలు మిగులుతుంది. ‘మిమ్మును ప్రేమించువారినే ప్రేమించినయెడల మీకేమి ఫలము’ అని మత్తయి 5:46 ఆ వీలునే మూసేసింది. మీ పాఠంలో కుటుంబం, స్నేహితుల గురించి అయితే ‘ప్రేమించుకోవాలి’ ఉంచండి. ఆజ్ఞను చెబుతున్నప్పుడు ‘ప్రేమించాలి’ అనే రాయండి.

ఇష్టం లేనివాణ్ణి ప్రేమించమని ఆజ్ఞాపించడం ఎలా కుదురుతుందని పిల్లలు తప్పక అడుగుతారు. 1 కొరింథీ 13:4–7లో మూలంలో ప్రేమకు విశేషణాలు లేవు. 15 క్రియలున్నాయి, వాటిలో 8 వ్యతిరేక క్రియలు. తెలుగూ చాలావరకు అదే దారి పట్టింది: సహించును, దయ చూపించును, మత్సరపడదు, ఉప్పొంగదు, అపకారమును మనస్సులో ఉంచుకొనదు. ఇష్టపడమని ఒకరికి చెప్పలేం. అపకారాన్ని మనసులో పెట్టుకోవద్దని చెప్పగలం. కాబట్టి ‘ప్రేమ కలిగి ఉండాలి’ అని సాగదీయకుండా, ఆ వారం చేయగల ఒక క్రియను ఎత్తి రాస్తే మేలు.

ఆ జాబితాలోని ‘ఉప్పొంగదు’ దగ్గర కాస్త ఆగాలి. మన వాడుకలో మనసు ఆనందంతో ఉప్పొంగుతుంది, గుండె గర్వంతోనూ ఉప్పొంగుతుంది, రెండూ మంచి అర్థంలోనే. అందుకే ప్రేమ ఉప్పొంగదంటే ఈనాటి పాఠకుడు తికమకపడతాడు. ఇక్కడ అర్థం ‘తానే గొప్ప అని ఉబ్బిపోదు’. అదే లేఖలో 8:1 ‘జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును’ అంటుంది. మూలంలో రెండుచోట్లా ఒకే క్రియ, తెలుగులోనూ ఒకే క్రియ. ప్రేమకూ అణకువకూ ఉన్న ముడి అక్కడే పడింది. ‘ఉబ్బిపోదు’ అని మార్చి రాయాలనుకుంటే రెండుచోట్లా మార్చండి.

ఇక నమ్మకం, విశ్వాసం. మొదటిది అచ్చ తెలుగు, రెండోది సంస్కృతం నుంచి వచ్చింది. ఇప్పటి క్రైస్తవ వాడుకలో ‘విశ్వాసం’ పారిభాషిక పదంగా స్థిరపడింది. విశ్వాసి, విశ్వాసులు, అల్పవిశ్వాసి అన్నీ దానినుంచే. వెలుపలి వాడుకలో విశ్వాసం అంటే యజమాని పట్ల కృతజ్ఞత, విధేయత అని కూడా అర్థం. కాబట్టి ‘అతడు విశ్వాసం కోల్పోయాడు’ అని ఒంటిగా రాయకండి. దేవుని మీద అతని విశ్వాసం పోయిందా, అతని మీద ఇతరుల విశ్వాసం పోయిందా తెలియదు. ‘క్రీస్తు విశ్వాసం’ అన్న సమాసంలోనూ ఇదే చిక్కు. గలతీ 2:16లో పాత అనువాదం ‘యేసుక్రీస్తునందలి విశ్వాసము’ అని విడదీసి రాసింది.

నమ్మకానికీ ఇలాంటి రెండు ముఖాలున్నాయి, అయితే ఇక్కడ అది లోపం కాదు. ‘నాకు ఆయన మీద నమ్మకం’ అంటాం, ‘నమ్మకంగా పనిచేశాడు’ అనీ అంటాం. గ్రీకు ‘పిస్తిస్’ కూడా నమ్మడాన్నీ, నమ్మదగినతనాన్నీ కలిపి చెప్పే మాటే. మత్తయి 25:21లోని ‘నమ్మకమైన మంచి దాసుడా’ అన్న పిలుపు ఆ రెండో ముఖం.

క్రియగా వాడేటప్పుడు మూడు రూపాలను వేరుగా పట్టుకోండి. ‘దేవుడున్నాడని నమ్ముతున్నాను’ అంటే ‘అని’తో వచ్చే సమ్మతి మాత్రమే. యాకోబు 2:19 దీని గురించే: ‘దయ్యములును నమ్మి వణకుచున్నవి’. ‘మాట నమ్మాడు’ అంటే చెప్పినవాడి మీద భారం వేసి కదిలాడని; యోహాను 4:50లో జబ్బుపడిన కొడుకును బాగుచేయమని వేడుకున్న తండ్రి ‘యేసు తనతో చెప్పిన మాట నమ్మి వెళ్లిపోయెను’. మూడోది ‘నమ్ముకొను’. నిన్నే నమ్ముకున్నాను అంటే వేరే ఆధారం పెట్టుకోలేదని. కీర్తన 37:5 ‘నీవు ఆయనను నమ్ముకొనుము’ అంటుంది. సువార్త అడిగే విశ్వాసానికి బతికి ఉన్న తెలుగులో ఇంతకన్న దగ్గరి క్రియ లేదని నా అభిప్రాయం. తన బలాన్ని పక్కన పెట్టనివాడు మరొకరిని నమ్ముకోలేడు. కాబట్టి తగ్గించుకోవడం, నమ్ముకోవడం ఒకే కదలికలోని రెండు అడుగులు. పాఠంలో నామవాచకంగా ‘విశ్వాసం’ ఉంచి, వివరించేటప్పుడు ‘నమ్ముకొను’ వాడండి.

‘యేసులో విశ్వసించాలి’ అన్నది ఇంగ్లీషు కట్టు. ‘యేసునందు విశ్వాసముంచు’ అన్నది గ్రాంథికం. ఇప్పటి రాతలో ‘యేసు మీద విశ్వాసం ఉంచు’, ‘యేసును నమ్ముకో’ బాగుంటాయి. ‘క్రీస్తులో’ అన్నది మాత్రం ఆయనతో ఐక్యమై ఉండడాన్ని చెప్పేటప్పుడు సరైనదే.

‘కొను’ కనబడిన ప్రతిచోటా ఇంత అర్థం వెతకవద్దు. తీసుకొను, తెలుసుకొను, పడుకొను లాంటివి ఎప్పుడో ఒకే మాటగా గట్టిపడిపోయాయి. ‘కొను’ తీసి చూసినప్పుడు మిగిలిన క్రియ నిలబడి, కర్తకూ ఫలానికీ సంబంధం మారితేనే ఈ విచారణ పనికొస్తుంది.

మీ పాఠంలో ఈ మూడింటినీ ఒకచోట చేర్చే వచనం కావాలంటే గలతీ 5:6 తీసుకోండి: ‘ప్రేమవలన కార్యసాధకమగు విశ్వాసమే ప్రయోజనకరమగును’. ‘కార్యసాధకమగు’ ఇప్పటి యువకుల నోటికి తిరగదు. ‘ప్రేమ ద్వారా పనిచేసే విశ్వాసం’ అని రాయండి. ‘ప్రేమతో కూడిన విశ్వాసం’ అని మాత్రం వద్దు. అప్పుడు విశ్వాసం పని మానేసి, ప్రేమ పక్కన అలంకారంగా నిలబడిపోతుంది.