ఒక రాత్రికి ఒక కథ చాలు

చిరంజీవి మేనల్లుడికి,

అత్త ఆశీస్సులు. నీ మెసేజ్ చూశాను. "అత్తా, నువ్వు చెప్పావని ఆ లావుపాటి పాత సైన్స్ ఫిక్షన్ సంకలనం తెచ్చుకున్నాను. రెండు రోజుల్లో ఏడు కథలు చదివేశాను. ఇప్పుడు అన్నీ కలిసిపోయి ఒక్కటీ సరిగ్గా గుర్తు రావట్లేదు. వీటిని ఎందుకంత మెచ్చుకుంటారు?" అని అడిగావు. ఫోన్‌లో అయితే సగమే చెప్పగలను. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

రెండు రోజుల్లో ఏడు కథలు చదవడమే అసలు చిక్కు, నాన్నా. నవలైతే మొదటి యాభై పేజీలు కష్టపడి ఒక లోకంలోకి వెళ్తాం, చివరిదాకా అందులోనే ఉంటాం. ఇక్కడ అలా కుదరదు. ఇరవై పేజీల్లో ఒక లోకం పుడుతుంది, దాని లెక్క మనకు తెలిసేలోపు కథ ముగుస్తుంది. ఆ వెంటనే పేజీ తిప్పి ఇంకో లోకంలోకి దూకితే మొదటిది నిలవడానికి మనసులో చోటెక్కడ? నీ వయసులో నేనూ ఇలాగే చేశాను. లైబ్రరీ గడువు దగ్గరపడుతోందని టెన్షన్ పడి, ఒక పెద్ద సంకలనాన్ని వారంలో పూర్తి చేశాను. చాలా ఏళ్ల తర్వాత అదే పుస్తకం మళ్లీ చేతికొస్తే సగం కథలు కొత్తగా అనిపించాయి. చదివానన్న తృప్తి తప్ప నాకు మిగిలిందేమీ లేదని అప్పుడు అర్థమై బాధపడ్డాను.

అందుకని ఒక రాత్రికి ఒక కథే చదువు. అయ్యాక పుస్తకం మూసి, దీపం ఆర్పి, ఆ కథలో రచయిత అడిగిన ప్రశ్న ఏమిటో వెతుక్కో. ప్రతి మంచి సైన్స్ ఫిక్షన్ కథలోనూ 'ఇలా జరిగితే?' అనే ప్రశ్న ఒకటి ఉంటుంది. ఐజాక్ అసిమోవ్ 'నైట్‌ఫాల్' చూడు. 1941లో వచ్చింది, అప్పటికి ఆయనకి 21 ఏళ్లు. ఒక గ్రహానికి ఆరుగురు సూర్యులు. ఏదో ఒక సూర్యుడు ఎప్పుడూ ఆకాశంలో ఉంటాడు కాబట్టి అక్కడి మనుషులకి చీకటంటే ఏమిటో తెలియదు. 2049 ఏళ్లకి ఒకసారి మాత్రం రాత్రి అవుతుంది. ఆ రాత్రి ఇంకో నాలుగు గంటల్లో రాబోతుండగా కథ మొదలవుతుంది. మనం రోజూ చూసి పట్టించుకోని చీకటిని మొదటిసారి చూసేవాడికి ఏమవుతుంది? ఈ ప్రశ్నకి చిన్న కథే సరైన కొలత. నిజానికి తర్వాత దీన్ని నవలగా పెంచారు కూడా. నా మాట నమ్ము, కథే చదువు.

'ఫ్లవర్స్ ఫర్ ఆల్జెర్నాన్' విషయంలోనూ అంతే. డేనియల్ కీస్ 1959లో దాన్ని కథగా రాశాడు, 1966లో నవల చేశాడు. నవల కూడా మంచిదే. కానీ తెలివి తక్కువగా ఉన్న ఒక మనిషి తన చేత్తో రాసుకున్న రిపోర్టుల్లో, తెలివి పెంచే ఆపరేషన్ తర్వాత అక్షర దోషాలు మెల్లమెల్లగా తగ్గిపోవడం మనం కథలో ఒక్కసారి కూర్చున్నప్పుడే చూస్తాం. ఆ బిగువు నవలకి రాలేదని నా అభిప్రాయం.

ఇప్పుడు నువ్వు అడిగిన 'ఎందుకంత మెచ్చుకుంటారు' సంగతి. ఈ కథలు ముందుగా అచ్చయింది అమెరికాలో చవక కాగితం పత్రికల్లో. 1926 ఏప్రిల్‌లో హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 'అమేజింగ్ స్టోరీస్' మొదలుపెట్టాడు. ఇంగ్లిష్‌లో సైన్స్ ఫిక్షన్ కోసమే వచ్చిన మొదటి పత్రిక అది. 1930లో 'ఎస్టౌండింగ్' వచ్చింది. కలప గుజ్జుతో చేసిన ఆ కాగితం కొన్నేళ్లకే పసుపెక్కి, అంచులు పొడిపొడిగా రాలిపోతుంది. నెల తిరిగితే పాత సంచికని చాలామంది దాచుకునేవాళ్లు కాదు. గట్టి అట్టల మధ్య ఆ కథల్ని దాచిపెట్టింది సంకలనాలే. 1946లో, అణుబాంబు పడిన మరుసటి ఏడాది, ఒకేసారి రెండు పెద్ద పుస్తకాలొచ్చాయి. గ్రాఫ్ కాంక్లిన్ 40 కథలు ఏరి ఒకటి చేస్తే, హీలీ, మెకోమస్ అనే ఇద్దరు కలిసి దాదాపు వెయ్యి పేజీల పుస్తకం తెచ్చారు. ఆ రెండూ రాకపోతే ఆ కథలు ఎన్ని చెదలపాలయ్యేవో తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె జారుతుంది.

కాబట్టి ఏరిన మనిషిని కూడా గమనించు. సంకలనంలో రచయితల గొంతులతో పాటు సంపాదకుడి గొంతూ వినిపిస్తుంది. ఏ కథ పక్కన ఏ కథ పెట్టాడు, ఎవర్ని వదిలేశాడు అన్నది చూస్తే ఆ మనిషి మనసు తెలుస్తుంది. అసిమోవ్ 1974లో తెచ్చిన 'బిఫోర్ ద గోల్డెన్ ఏజ్' నాకు ప్రాణం. 1931 నుంచి 1938 దాకా తను కుర్రాడిగా చదివిన కథల్ని ఏరి, మధ్య మధ్య తన చిన్ననాటి సంగతులు చెప్తాడు. వాళ్ల నాన్న దుకాణంలో పత్రికలు అమ్మేవాళ్లు. కానీ చెత్త కథలు చదవకూడదని కొడుక్కి ఆంక్ష. పత్రిక పేరులో 'సైన్స్' అన్న మాట ఉందని చూపించి కుర్రాడు ఒప్పించుకున్నాడట! అందులో కొన్ని కథలు ఇవాళ చదివితే మోటుగా ఉంటాయి. అయినా ఒక పిల్లవాడు వాటిని ఎంత ఆశగా అందుకున్నాడో తెలుస్తుంటే మనమూ అదే ఆశతో చదువుతాం.

ఒక జాగ్రత్త. సంపాదకుడి ముందుమాటల్లో సగం, కథ ముగింపు బయటపెట్టేసేవే ఉంటాయి. అవి కథ అయ్యాకే చదువు. ముందు చూడాల్సింది కథ అచ్చయిన సంవత్సరం మాత్రమే. అది చూడకపోతే అనవసరంగా విసుక్కుంటావు. 1965 జులైలో అమెరికా వ్యోమనౌక మెరైనర్ 4 అంగారకుడి పక్కగా వెళ్తూ ఫొటోలు పంపింది. జనం ఊహించుకున్న కాలువల్లేవు, నగరాల్లేవు, చంద్రుడి మీద ఉన్నట్టు గుంతలు కనబడ్డాయి. అంతకుముందు రాసినవాళ్లకి అంగారకుడి మీద ఏదైనా ఉండొచ్చు. రే బ్రాడ్‌బరీ 1948 కథ 'మార్స్ ఈజ్ హెవెన్!'లో రాకెట్ దిగినవాళ్లకి పచ్చిక, ఇళ్లు, పియానో పాట, ఎప్పుడో చనిపోయిన తమవాళ్లు ఎదురవుతారు. అక్కడ గాలి ఎలా ఉందని అడిగితే కథ చేజారిపోతుంది. పోయిన మనిషి తలుపు తీసి రమ్మంటే నువ్వు వెళ్లకుండా ఉండగలవా? అది అడుగు.

భవిష్యత్తుని ముందే చెప్పింది కాబట్టి గొప్ప కథ అనే మాటా నమ్మకు. క్లీవ్ కార్ట్‌మిల్ 1944 మార్చిలో అణుబాంబు గురించి 'డెడ్‌లైన్' అనే కథ రాస్తే, అమెరికా గుట్టుగా సాగిస్తున్న బాంబు తయారీ రహస్యం బయటికెలా పొక్కిందని నిఘా అధికారులు 'ఎస్టౌండింగ్' సంపాదకుడు జాన్ కాంప్‌బెల్‌ని వెతుక్కుంటూ వచ్చారు. అప్పటికే అచ్చయిన శాస్త్ర వ్యాసాల నుంచే ఆ సంగతులు దొరికాయి. ఆ సంఘటన గొప్పది, కథ మాత్రం నీరసం. దాన్ని వదిలేసినా నష్టం లేదు.

నిన్ను బాగా కోప్పడేలా చేసే కథ ఎదురైతే దాన్ని మాత్రం వదలకు. టామ్ గాడ్విన్ 1954లో రాసిన 'ద కోల్డ్ ఈక్వేషన్స్' నాకు అలాంటిది. మందు పట్టుకెళ్తున్న చిన్న నౌక, లెక్కపెట్టి పోసిన ఇంధనం, అన్నని చూడాలని దొంగతనంగా ఎక్కిన ఒక అమ్మాయి. ఆమె బరువు కూడా మోసేంత ఇంధనం లేదు. మొదటిసారి చదివినప్పుడు ఏడ్చాను, ప్రకృతి నియమాల ముందు మనిషి ఎంత అని. పెళ్లై, ఉద్యోగం చేసి, నలుగురి నిర్లక్ష్యం ఖరీదు చూశాక మళ్లీ చదివాను. ఈసారి కోపమొచ్చింది. ఆ నౌక తలుపుకి ఒక తాళం వెయ్యలేకపోయారా? లోపలికి రావద్దని ఒక బోర్డు పెట్టి ఊరుకుంటారా? పాఠకులు దశాబ్దాలుగా దీని మీద పోట్లాడుతూనే ఉన్నారు. నేను ఏ పక్షమో ఇప్పుడు చెప్పను.

నీ చేతిలో ఉన్నది 1970లో రాబర్ట్ సిల్వర్‌బర్గ్ సంపాదకత్వంలో వచ్చిన 'హాల్ ఆఫ్ ఫేమ్' మొదటి సంపుటమేగా? సైన్స్ ఫిక్షన్ రచయితల ఓట్ల ఆధారంగా ఎంచిన 26 కథలు. ఓట్లలో మొదటి స్థానం 'నైట్‌ఫాల్'కే దక్కింది. అది అచ్చయిన తేదీల వరసలో ఉంది, కానీ నువ్వు ఆ వరసకి కట్టుబడక్కర్లేదు. మొదట చిన్నవి పట్టుకో, భాషా అలవాటవుతుంది. ఇంకో సంగతి నువ్వే గమనిస్తావు. అన్ని పేర్లలో తన పేరుతో ఒంటరిగా ఉన్న ఆడది జుడిత్ మెరిల్ ఒక్కతే. సి. ఎల్. మూర్ ఉంది గానీ, భర్తతో కలిసి పెట్టుకున్న మగ పేరు వెనక ఉంది. ఇది నన్ను చాలా ఏళ్లు నొప్పించింది. ఆ పుస్తకం అబద్ధమని కాదు, ఆ కాలానికి అది అద్దం. అందుకే అది అయ్యాక పామెలా సార్జెంట్ 1970లలో స్త్రీల కథలతో తెచ్చిన 'విమెన్ ఆఫ్ వండర్' కూడా నీకు పంపుతాను.

నచ్చని కథని రెండో పేజీలోనే వదిలెయ్, నేరమేం కాదు. చదివిన ప్రతిదానికీ లోపలి అట్ట మీద పెన్సిల్‌తో తేదీ, ఒక వాక్యం రాసుకో. నా పాత పుస్తకాల్లో అవి ఇంకా ఉన్నాయి. ఇరవై రెండేళ్ల పిల్ల ఏమనుకుందో చదువుకుంటే ముచ్చటేస్తుంది.

ఈ రాత్రి జుడిత్ మెరిల్ కథ 'దట్ ఓన్లీ ఎ మదర్' చదువు. చిన్నదే. చదవగానే నాకు ఫోన్ చెయ్యకు. రెండు రోజులు ఆగి, ఆ తల్లి గురించి నీకేమనిపించిందో రాయి.

నీ మేనత్త