టెక్ సందేహాలు: ఐ7 అనగానే పెద్దదనుకోకండి

ప్రశ్న: మాది విజయవాడ, పటమట. ఇంట్లోనే కొందరు వ్యాపారులకు ట్యాలీలో లెక్కలు రాస్తుంటాను. 2017లో కొన్న ఐ5-7400 కంప్యూటర్‌కి విండోస్ 11 రాదంటున్నారు. మా అమ్మాయి ఈ ఏడాదే బీటెక్ సీఎస్ఈలో చేరింది. విడిభాగాలు కొని మనమే బిగించుకుందాం, ప్రాసెసర్ ఇంటెల్‌ది కాకుండా ఏఎండీ కంపెనీ రైజెన్ తీసుకుందాం అంటోంది. ఒక షాపులోనేమో ‘ఐ7 ఫుల్ సెట్’ 18 వేలకే ఇస్తామన్నారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు ఆ 18 వేల ఐ7 సంగతి తేల్చేద్దాం. ‘ఐ7 తర్వాత నంబరెంత?’ అని అడగండి. 3770 అనో 4770 అనో అంటే ఒక దండం పెట్టి వచ్చేయండి. నాలుగంకెల నంబరులో మొదటి అంకె, ఐదంకెలదైతే మొదటి రెండంకెలు ఎన్నో తరమో చెబుతాయి. 4770 అంటే నాలుగో తరం, 2013 నాటి సరుకు. కోర్లు (ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు) నాలుగే, అందులో పట్టేది పాత రకం డీడీఆర్3 ర్యామ్. 2022లో వచ్చిన ఐ3-12100కీ నాలుగు కోర్లే ఉన్నాయి గానీ, వేగంలో ఆ ఐ7ను సునాయాసంగా దాటేస్తుంది. పైగా విండోస్ 11కి ఇంటెల్‌లో 8వ తరమో, ఆపైదో ఉండాలి. మీ 7400 ఒక్క తరం తేడాతో ఆగిపోయింది, పాపం. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. పదిమంది జీఎస్టీ లెక్కలుండే కంప్యూటర్‌ని అలా వదిలేయకూడదు కాబట్టి మార్చాలన్న మీ ఆలోచన సరైనదే. కానీ అదే తలనొప్పిని మళ్లీ డబ్బిచ్చి తెచ్చుకోవడం ఎందుకు?

ఒకరు కూర్చుని రాసుకునే ట్యాలీకి పెద్ద ప్రాసెసర్ అక్కర్లేదు. హార్డ్‌డిస్క్ బదులు వేగమైన ఎస్ఎస్‌డీ ఉంటే తేడా మీకే తెలుస్తుంది. మీ అమ్మాయికి కూడా మొదట్లో సీ, పైథాన్ వరకు ఏదైనా చాలు. రేపు యాప్‌లు తయారుచేసే ఆండ్రాయిడ్ స్టూడియో తెరిచి, పక్కన ఎమ్యులేటర్ (తెర మీద ఉత్తుత్తి ఫోన్) పెట్టి, క్రోమ్‌లో ఇరవై ట్యాబులు విప్పినప్పుడు ఆరు కోర్లు, 16 జీబీ ర్యామ్ విలువ తెలుస్తుంది. అందుకని ఆరు కోర్ల దగ్గర ఆగుదాం. ఐ5-12400, రైజెన్ 5 7600 రెండింటికీ 6 కోర్లు, 12 థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరుసలు).

వేగంలో 7600దే పైచేయి, మీ అమ్మాయి అన్నది తప్పేం కాదు. దాని ఏఎం5 సాకెట్‌కు (మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) 2027 వరకైనా కొత్త ప్రాసెసర్లు ఇస్తామని ఏఎండీ చెప్పింది. 12400 కూర్చునే సాకెట్ కథ 14వ తరంతోనే ముగిసింది. అయినా మీకు 12400 అనే చెబుతాను. కారణం ర్యామ్. 7600కి డీడీఆర్5 తప్ప వేరేది పట్టదు, 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు మండిపోతున్నాయి. 12400కి డీడీఆర్4 బోర్డులు కూడా ఉన్నాయి. మీ పాత కంప్యూటర్ మూత తీసి చూడండి, ర్యామ్ స్టిక్ మీద డీడీఆర్4 అని ఉంటే దాన్నే కొత్త బోర్డులో పెట్టుకోవచ్చు. బోర్డు కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. ఒకే పేరుతో డీడీఆర్4ది, డీడీఆర్5ది రెండూ దొరుకుతాయి, ఒకదాని స్టిక్ ఇంకోదానిలో దిగదు. మీ దగ్గరున్నది డీడీఆర్3 అయితే ర్యామ్ ఎలాగూ కొనాలి, అప్పుడు అమ్మాయి మాటే వినండి.

ఇంకొకటి, అడగండి అడక్కపోండి, చెప్పాల్సిందే. 12400 వేరు, 12400ఎఫ్ వేరు. చివర ‘ఎఫ్’ ఉంటే లోపల గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు కొనాలి. ఒకసారి మా బావమరిదికి బిగించి స్విచ్ వేస్తే ఫ్యాన్లు తిరుగుతున్నాయి, లైట్లు వెలుగుతున్నాయి, తెర మాత్రం నల్లగా ఉంది. కేబుల్ మార్చాం. ర్యామ్ తీసి కాళ్లు రబ్బరుతో రుద్దాం. రాత్రి పదకొండు గంటలకు బిల్లు చూస్తే నంబరు చివర చిన్న ‘ఎఫ్’! షాపులో అడిగితే ‘రేటు తక్కువని ఇచ్చాం సార్, సీల్ విప్పాక వాపసు తీసుకోం’ అన్నారు. డబ్బు కట్టకముందే పెట్టె మీద నంబరు మీరే చదువుకోండి.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాం. కొత్త కెమెరా 4కే క్లిప్పులు టైమ్‌లైన్‌లో ఆగి ఆగి ఆడుతున్నాయి. ఏ ప్రాసెసర్ వేయాలి?

జవాబు: మీ కెమెరా 10-బిట్ 4:2:2 హెచ్ఈవీసీ అనే వీడియో ఫార్మాట్‌లో రికార్డు చేస్తోందేమో సెట్టింగుల్లో చూడండి. అదే అయితే చాలా గ్రాఫిక్స్ కార్డులు దాన్ని విప్పలేవు, ఎన్విడియాలో ఆర్‌టీఎక్స్ 50 సిరీస్‌తోనే ఆ వసతి వచ్చింది. ఇంటెల్ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్ మాత్రం 11వ తరం నుంచే ఆ పని చేస్తోంది. కాబట్టి ‘ఎఫ్’ లేని ఐ5-14500 మీకు సరిపోతుంది. ఇంటెల్ 13, 14 తరాల్లో కొన్ని మోడళ్లు వోల్టేజీ లోపంతో దెబ్బతిన్నాయి, 2024 ఆగస్టు నుంచి దానికి దిద్దుబాట్లు వచ్చాయి. అవి అందాలంటే బోర్డు బిగించగానే బయోస్ (బోర్డులోనే ఉండే మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేయించండి, ఆ తర్వాతే విండోస్.

ప్రశ్న: బెజవాడ ఎండలకు వాటర్ కూలింగ్ తప్పదా?

జవాబు: 65 వాట్ల ప్రాసెసర్‌కి పెట్టెలో వచ్చే కూలరే చాలు. ఏ వాటర్ కూలరూ గది కంటే చల్లగా చేయలేదు. రోహిణి కార్తెలో గది 40 డిగ్రీలుంటే డిసెంబరు కంటే పదీ పదిహేను ఎక్కువ చూపించడం మామూలే, టెన్షన్ పడకండి. 12400కి 100 డిగ్రీలు, 7600కి 95 వరకు హద్దు ఉంది. అసలు శత్రువు దుమ్ము, ఆ తర్వాత కంప్యూటర్ టేబుల్‌లో క్యాబినెట్‌ని తోసి మూసేసే అర. మార్చిలో ఒకసారి ప్లగ్ తీసి, బాల్కనీలోకి తెచ్చి బ్లోయర్ కొట్టండి. కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కను వేలితో పట్టుకోండి. వదిలేస్తే బ్లోయర్ గాలికి గిర్రున తిరిగి బేరింగ్ పోతుంది.