హారికకు, సర్వర్లు చేతికి తీసుకునే ముందు

చి. హారికకు,

మామ ఆశీస్సులు. తిరుపతిలో ఆస్పత్రివాళ్లు సర్వర్లన్నీ నీకు అప్పగిస్తున్నారని మీ అమ్మ ఫోన్లో చెప్పినప్పుడు చాలా గర్వంగా అనిపించింది. మన ఇంట్లో నా తర్వాత ఈ పనిలోకి వస్తున్నది నువ్వే. కానీ ‘అంతా అదొక్కతే చూసుకోవాలంట’ అని మీ అమ్మ అన్నాక టెన్షన్‌తో రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. అందుకే ఇంత పొడుగు ఉత్తరం.

బ్యాకప్ తీసి, అది తిరిగి ఎక్కుతుందో లేదో ఎక్కించి చూడు. ప్యాచ్, అంటే లోపాన్ని సరిచేసే మార్పు, ముందు టెస్ట్ మిషన్ మీద వేయి. ఇవి నీకు తెలిసినవే.

సిస్టమ్‌కు గుండెకాయలాంటి లైనక్స్ కెర్నల్ సంగతి మాత్రం వేరు. యూజర్ల మధ్య గోడ కట్టేదీ, ఏ ఫైలు ఎవరు ముట్టుకోవచ్చో చెప్పేదీ అదే. అందులోనే లోపముంటే పైన ఎన్ని తాళాలు వేసినా లాభం లేదు. పైగా ప్యాకేజీ ఎక్కించినంత మాత్రాన ఏమీ మారదు. కొత్త కెర్నల్ డిస్క్ మీద కూర్చుని ఉంటుంది, మెమరీలో నడిచేది పాతదే. రీబూట్ చేసి, నడుస్తున్న కెర్నల్ నంబరు చూపే యూనేమ్ కమాండ్ కొట్టి, కొత్త నంబరు కళ్లతో చూశాకే ప్యాచ్ పడినట్టు.

2016 అక్టోబరులో డర్టీ కౌ అనే కెర్నల్ లోపం బయటపడినప్పుడు నువ్వింకా స్కూల్లో ఉన్నావు. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైలును సొంతానికి తెరిచి అందులో రాయబోతే, కెర్నల్ ఒరిజినల్ ఇవ్వదు. జిరాక్స్ తీసిచ్చి దాని మీద రాసుకోమంటుంది. ప్రోగ్రామ్‌లో ఏకకాలంలో నడిచే పనుల్లో (థ్రెడ్‌లలో) ఒక థ్రెడ్ రాస్తూ ఉండగా ఇంకో థ్రెడ్ ఆ జిరాక్స్‌ను పారేయమని పదేపదే అడుగుతుంటే, ఏదో ఒక క్షణంలో రాత ఒరిజినల్ మీదే పడిపోయేది. అంతే, మామూలు యూజరు రూట్, అంటే అన్ని అధికారాలూ ఉన్న యూజరు, అయిపోతాడు. 2007 నాటి కెర్నళ్ల నుంచీ దాడికి వీలిస్తున్న లోపం అది. ఇది చాలా పాత బగ్ అనీ, పదకొండేళ్ల కిందట తానే సరిచేయబోతే సరిగా కుదరలేదనీ, ఐబీఎం మెయిన్‌ఫ్రేముల మీద ఇబ్బంది రావడంతో ఆ మార్పును వెనక్కి తీశారనీ లైనక్స్‌ను మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్సే ప్యాచ్‌తో పాటు రాసి పెట్టాడు. అంత పెద్దమనిషి ఎవరు ఏం చేశారో నలుగురూ చదివేలా రాయడం చూసి అప్పుడే నాకు గౌరవం కలిగింది.

అప్పట్లో నేను పనిచేసిన చోట యాత్రికుల గదుల బుకింగ్ సర్వర్లు ఉండేవి. వాటిని చూసే కుర్రాడిది నా పక్క టీమ్. ప్యాచ్ వచ్చిన వారంలోనే ప్యాకేజీ ఎక్కించాడు. రీబూట్‌కు అరగంట టైమ్ అడిగాడు. దీపావళి సెలవులు కానీ అన్నారు. కార్తీకం పోనీ అన్నారు. వైకుంఠ ఏకాదశి అయ్యాక చూద్దాం అన్నారు. తిరుపతిలో రద్దీ లేని రోజు ఎప్పుడుంటుంది తల్లీ? పైగా ఆ లోపాన్ని వాడుకోవాలంటే మిషన్‌లో ముందు లాగిన్ ఉండాలి కదా, బయటివాడికి లాగిన్ ఎక్కడిది అని పైవాళ్ల ధైర్యం. నెలవారీ రిపోర్టులో మాత్రం ఆ సర్వర్ ఎదురుగా ‘ప్యాచ్ అయింది’ అని పచ్చరంగు.

చివరికి దాడి చేయడానికి వచ్చినవాడికి లాగిన్ అక్కర్లేకపోయింది. వెబ్‌సైట్‌లో ఐడీ ప్రూఫ్ అప్‌లోడ్ చేసే చోట ఫొటోకు బదులు స్క్రిప్ట్ ఎక్కించి, వెబ్ సర్వర్ యూజరుగా లోపలికి దూరాడు. అక్కడి నుంచి డర్టీ కౌతో రూట్ అయ్యాడు. ఆ పొద్దున నేను కుర్రాడి వెనకాలే నిలబడి ఉన్నాను. యూనేమ్ కొడితే పాత నంబరు వచ్చింది. ప్యాకేజీల లిస్టు తీస్తే కొత్త కెర్నల్ ఉంది. ఒకదాని కింద ఒకటి, రెండు లైన్లు. వాడు స్క్రీన్ మీంచి చూపు తిప్పలేదు. తర్వాత మీటింగులో ‘రీబూట్ ఎందుకు చేయలేదు’ అని వాణ్ని నిలదీసింది, వద్దన్నవాళ్లే. వాడు అడిగినట్టు గానీ, వాళ్లు వద్దన్నట్టు గానీ ఒక్క మెయిలూ లేదు. అన్నీ కారిడార్లో నోటిమాటలే. నెల తిరక్కుండానే ఉద్యోగం మానేసి ఊరెళ్లిపోయాడు. మంచి పనిమంతుడు హారికా. ఇప్పటికీ తలుచుకుంటే బాధేస్తుంది.

నీ గురించి నా భయం కూడా ఇదే. నీకు మొహమాటం ఎక్కువ. టెన్త్‌లో పక్కమ్మాయి పగలగొట్టిన గాజు సామానుకు నువ్వు డబ్బు కట్టి వచ్చావు, గుర్తుందా? ఆరోజు నీ మంచితనానికి మురిసిపోయాం, ఒక మాట అనాల్సింది. ఈ ఉద్యోగంలో అలా చేశావంటే నేను ఊరుకోను. రీబూట్ వాయిదా వేయమంటే గొడవ పడొద్దు. ‘ఫలానా లోపం ఉంది, ఫలానా తేదీకి రీబూట్ అడిగాను, ఫలానా వారు ఇంకో తేదీకి మార్చారు, అప్పటిదాకా ఈ రిస్కు ఉంటుంది’ అని ఆ సాయంత్రమే మెయిల్ పెట్టు. రిస్కు ఎవరిదో అందులో పేరుతో సహా ఉండాలి. రిపోర్టులో కూడా ‘ఎక్కించాం’ ఒక గడి, ‘నడుస్తోంది’ ఇంకో గడి పెట్టు.

ఆస్పత్రి అనగానే నాకు విండోస్ కంప్యూటర్లలో ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగిన వానాక్రై దాడి గుర్తొస్తుంది. మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14న ప్యాచ్ ఇచ్చింది, మే 12న అది విరుచుకుపడింది. బ్రిటన్ ప్రభుత్వ ఆస్పత్రుల్లో వేల అపాయింట్‌మెంట్లు రద్దయ్యాయి, అంబులెన్సులను దారి మళ్లించారు. మన రాష్ట్రంలో పోలీసు కంప్యూటర్లకూ తగిలింది. మీ స్కానింగ్ మిషన్లకు తగిలించిన పాత విండోస్ కంప్యూటర్లను కంపెనీవాడు ముట్టుకోనివ్వకపోతే, వాటిని వేరే నెట్‌వర్క్‌లో పెట్టి మిగతావాటితో సంబంధం తెంచేయి.

పనిలో దిగాక ఎదురయ్యేవి ఇంకొన్ని. పాత కెర్నళ్లు పేరుకుపోయి బూట్ పార్టిషన్ (కెర్నళ్లు ఉండే డిస్క్ భాగం) నిండిపోతే కొత్తది సగంలో ఆగి, మిషన్ లేవదు. ముందే ఖాళీ చూసుకో, కానీ బాగా నడిచిన పాత కెర్నల్‌ను ఒకటి ఉంచు. మిషన్ లేచేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో దాన్ని ఎంచుకుని బయటపడొచ్చు. విడిగా తెచ్చిన డ్రైవర్లుంటే కొత్త కెర్నల్‌కు అవి కుదిరాయో లేదో టెస్ట్ మిషన్‌లో చూడు. వెర్షన్ నంబరు పాతగా ఉందని లోపాలు వెతికే స్కానర్ ప్రోగ్రామ్ అరిస్తే కంగారు పడకు. లైనక్స్‌ను అందించే రెడ్‌హ్యాట్, ఉబుంటు వాళ్లు పాత వెర్షన్‌లోకే కొత్త ప్యాచ్ తెచ్చి పెడతారు కాబట్టి వాళ్ల నోటీసు చదివి తేల్చుకో. రీబూట్ లేకుండా నడుస్తున్న కెర్నల్‌నే సరిచేసే లైవ్ ప్యాచ్ మంచిదే, ఆ సౌకర్యం 2015 నుంచీ కెర్నల్‌లోనే ఉంది. అయితే ప్రతి లోపానికీ అది దొరకదు. దాని పేరు చెప్పి రీబూట్ ఎగ్గొట్టనివ్వకు. 2024 ఫిబ్రవరి నుంచి ఒక్కో లోపాన్ని గుర్తించడానికి ఇచ్చే సీవీఈ నంబర్లు కెర్నల్ వాళ్లే ఇస్తున్నారు, కుప్పలుగా వస్తున్నాయి. ఒక్కొక్కటీ ఏరుకుంటూ కూర్చోకు. అప్‌డేట్ మొత్తంగా తీసుకుని నెలకో రాత్రి ఖాయం చేసుకో.

ఆ రాత్రి మాత్రం ఒంటరిగా ఉండొద్దు. మొదటిసారి రీబూట్ ఏ రోజు పెట్టుకున్నావో రెండు రోజుల ముందు చెప్పు. సాయంత్రం బస్సుకు చిత్తూరు నుంచి వచ్చేస్తాను. నువ్వు కమాండ్ కొట్టు, నేను సర్వర్ రూమ్‌లో మానిటర్ ముందు కూర్చుంటాను. డాక్టర్లకు, డ్యూటీ నర్సులకు టైమ్ ముందే చెప్పి ఉంచు, కాగితం మీద ఎంట్రీలు రాసుకునే ఏర్పాటు చేయించు. భోజనం మానేసి పనిలో కూర్చోకు.

మీ మామ,
చిత్తూరు